రెండంగుళాల పొడుగు

ప్రియమైన నాన్నా,

వీడియోలో కనిపించకుండా ఉత్తరం రాస్తోందేమిటని కంగారు పడకు. నా ఫోన్ కెమెరా పాడైంది. బాగుచేసే అతను ఏదో సామాను రావాలంటాడు, ఎప్పుడొస్తుందో అతనికే తెలియదు. మెసేజ్ పెట్టవచ్చుగా అంటావు. నీతో రెండు ముక్కల్లో తేల్చడం నాకు రాదు. సైగలతో మాట్లాడుకునే దారి లేనప్పుడు కాగితమే నయం.

బడి బాగానే ఉంది. ఈ ఏడు నా తరగతిలో పదకొండు మంది. పదకొండు మందికీ వినపడదు, పదకొండు మందీ గోల చేస్తారు. బల్లలు చరిచి, నేల అదిరేలా తొక్కి ఒకరినొకరు పిలుచుకుంటుంటే కింద గదిలోని లెక్కల టీచరు మెట్లెక్కి వచ్చి మరీ తిడుతుంది. వాళ్ళలో రెండు జడల పిల్ల ఒకతె ఉంది. నిద్రలో తప్ప దాని చేతులు ఆగవు. చిన్నప్పుడు నన్ను పిచ్చుక అని ఎందుకన్నావో దాన్ని చూస్తే తెలుస్తుంది.

ఒక పని చేసిపెట్టు. నాకు ఆరు చొక్కాలు కుట్టి పంపు. చేతులు పొడుగ్గా ఉండాలి, మణికట్టు దాటి వేళ్ళ మొదళ్ళ దాకా రావాలి. బిగుతుగా వద్దు. గుడ్డ పలచగా, మెత్తగా, రంగు లేతగా ఉండాలి. తొందరేం లేదు గానీ త్వరగా పంపు.

నీ పిచ్చుక

*

నా పిచ్చుకా,

నీ ఉత్తరం చదివి కొలతల పుస్తకం తెరిచాను. భుజం నుంచి మణికట్టు దాకా నీ చెయ్యి ఇరవై రెండంగుళాలు. నువ్వు చెప్పినట్టు కుడితే ఇరవై నాలుగవుతుంది. ముప్పై మూడేళ్ళ వయసులో చెయ్యి పెరగడం నేనెక్కడా చూడలేదు. పోనీ చలికేమో అనుకుందామంటే పలచటి గుడ్డ అడిగావు. నలుపు తప్ప వేసుకోనని మొండికేసే దానివి, ఇప్పుడు లేత రంగులంటావు.

నలభై ఏళ్ళుగా మనుషుల కొలతలు తీస్తున్నవాణ్ణి. ఒంటి మీద ఏది దాచుకోవాలనుకుంటారో అక్కడే గుడ్డ ఎక్కువ పెట్టమంటారు. నీ చేతులకేమైంది? మోచేతుల మీద కూడా ఉందా? తలలోంచి పొట్టు రాలుతోందా? గోళ్ళ మీద సన్నటి గుంటలు పడ్డాయా? కుట్టేటప్పుడు నేను వేలికి పెట్టుకునే ఇనుప తొడుగు మీద ఉంటాయే, అలాంటివి. ఊరికే అడుగుతున్నాను.

ఫోన్ గురించి బెంగ పడకు. నాది కూడా సరిగా పనిచేయడం లేదు. కొన్నాళ్ళు ఇలాగే రాసుకుందాం. నా చెవిన వేసే అవకాశం ఎలాగూ లేదు, నా కంటనైనా వెయ్యి. దాచకు.

నీ నాన్న

*

ప్రియమైన నాన్నా,

గోళ్ళ మీద గుంటల సంగతి నీకెలా తెలిసింది? నీ ఉత్తరం చదివాకే నేను గోళ్ళు చూసుకున్నాను. ఉన్నాయి.

కెమెరా పాడవలేదు. నీకు నా చేతులు కనిపించకూడదనే అలా రాశాను.

దీన్ని సోరియాసిస్ అంటారు. ఎనిమిది నెలల కిందట మోచేతుల దగ్గర ఎర్రటి మచ్చలుగా మొదలైంది. మీద తెల్లటి పొట్టు. గోకితే ఊడుతుంది, మళ్ళీ కడుతుంది. నల్ల బట్టలు వేసుకుంటే ఒళ్ళో పిండి చల్లినట్టు కనిపిస్తుంది. ఇప్పుడు రెండు చేతుల మీదికీ, వేళ్ళ కణుపుల మీదికీ దిగింది. అంటుకునే జబ్బు కాదని డాక్టరమ్మ రెండుసార్లు చెప్పింది. ఆ మాట బస్సులో నా పక్క సీటామెకి ఎవరు చెబుతారు? డబ్బులివ్వడానికి నేను చెయ్యి చాచగానే లేచి వెళ్ళి నిలబడింది. ఆ తర్వాత నాలుగు స్టాపులు నేను తల ఎత్తలేదు.

వేరే ఉద్యోగమైతే జేబులో చేతులు పెట్టుకుని నెట్టుకొచ్చేదాన్ని. ఇక్కడ పదకొండు మంది రోజంతా చూసేది నా చేతులనే. అందుకని సైగలు చిన్నవి చేశాను. చేతులు ఛాతీ ఎత్తు లేవకుండా, వేళ్ళు కఫ్‌లోంచి సగమే బయటికి వచ్చేలా. పోయిన వారం భిన్నాలు చెబుతుంటే రెండు జడల పిల్ల లేచి నిలబడి, “టీచర్, మీరు గొణుగుతున్నారు,” అంది. మిగతా పదిమందీ తలలూపారు. గొంతు పోవడమంటే ఎలా ఉంటుందో నాకప్పుడు తెలిసింది.

హెడ్మిస్ట్రెస్ నన్ను పిలిచి వచ్చే ఏడు లైబ్రరీ చూసుకోమంది. పుస్తకాలు చేతుల వంక చూడవు కదా అంది. మంచి మనసుతోనే అంది, అదే బాధ. పరీక్షలయ్యేలోగా అవునో కాదో చెప్పాలి.

పూతమందులు పనిచేయలేదు. వారానికి మూడుసార్లు లైటు పెట్టెలో నిలబెడతామన్నారు. బీరువా అంత పెట్టె, లోపల చుట్టూ నిలువునా ట్యూబులైట్లు. అతినీలలోహిత కాంతి అట. కళ్ళకి నల్లద్దాలు పెట్టుకుని నిలబడాలి. మొదటి రోజు ఇరవై సెకన్లే. ఒళ్ళు తట్టుకుంటోందని చూసుకుంటూ కొద్దికొద్దిగా పెంచుతారు. మొత్తం ముప్పైసార్లు. తగ్గితే తగ్గుతుంది, తగ్గకపోతే మరో మందు చూద్దామంది డాక్టరమ్మ. ఆ రెండో మాటే చెవిలో తిరుగుతోంది.

నీ పిచ్చుక

*

నా పిచ్చుకా,

నాలుగు చొక్కాలు పంపుతున్నాను. నువ్వడిగినట్టే కుట్టాను. లోపలి కుట్లు ఒరుసుకోకుండా మడిచి కుట్టాను.

నలభై ఏళ్ళుగా ఇస్త్రీపెట్టెతో కాపురం చేస్తున్నవాణ్ణి, వేడి సంగతి నాకు తెలుసు. గుడ్డని బాగుచేసేదీ అదే, ఒక్క క్షణం ఏమరితే మాడ్చేదీ అదే. ఆ పెట్టెలో కదలకుండా నిలబడు. త్వరగా తగ్గాలని ఎక్కువసేపు పెట్టమని అడగకు.

ఇంట్లో ఎవరికైనా ఇలా ఉందా అని డాక్టరమ్మ అడిగిందా? అడిగితే ఏం చెప్పావు? రాయి.

లైబ్రరీకి ఇప్పుడే తల ఊపకు.

నీ నాన్న

*

ప్రియమైన నాన్నా,

చొక్కాలు అందాయి. నీ కుట్టు ఎక్కడా గుచ్చుకోవడం లేదు.

నాకు కాలింది. భయపడకు, పెద్దది కాదు. పద్నాలుగోసారి అయ్యాక సాయంత్రానికి చేతుల వెనక, వేళ్ళ కణుపుల మీద ఎర్రగా ఉబ్బి, తెల్లారేసరికి నీటిపొక్కులు వచ్చాయి. విచిత్రమేమిటంటే ఒళ్ళంతా బాగుంది. మోచేతుల దగ్గర మచ్చలు పలచబడ్డాయి కూడా. కాలింది చేతులే. నర్సుకి తల తిరిగిపోయింది. నిమ్మకాయ పిండావా, సెంటు పూసుకున్నావా, ఎండలో తిరిగావా అని అడిగింది. అవి తగిలిన చోట ఆ కాంతికి చర్మం త్వరగా కాలుతుందట. దేనికీ కాదన్నాను. పొక్కులు మానాక వ్యవధి తగ్గించి నిలబెట్టి, తను తలుపుకున్న చిన్న అద్దంలోంచి చూసింది. పావు నిమిషం కాకుండానే లైట్లు ఆపేసి తలుపు తీసింది.

“లోపల ఎవరితో మాట్లాడుతున్నావమ్మా?” అంది.

నా చేతులు కదులుతున్నాయట నాన్నా. గాలిలో లేచి, అటూ ఇటూ ట్యూబుల దాకా వెళ్ళి వస్తున్నాయట. దూరంగా ఉండాల్సిన చేతులు పొయ్యి దగ్గర పెట్టినట్టు ట్యూబుల దగ్గరికి పోతే కాలవా మరి? ఇన్నేళ్ళలో ఇలాంటి పేషెంటుని చూడలేదంది.

నీతోనే మాట్లాడుతున్నాను. ఇంకెవరితో? కళ్ళు మూసుకోగానే నువ్వు ఎదురుగా కుట్టుమిషను దగ్గర కూర్చుని ఉంటావు. బస్సులో ఆమె సంగతీ, లైబ్రరీ సంగతీ నీకు చెబుతుంటాను. ఇన్ని నెలల మాటలు ఆ రెండు నిమిషాల్లో చేతుల్లోంచి వచ్చేస్తున్నాయి, నాకు తెలియకుండానే. ఇప్పుడు నర్సు నా చేతులు కిందికి పెట్టి, రెండు చేతులకీ ఒక పిడి ఇచ్చి పట్టుకోమంటోంది. అది పట్టుకుంటే నోరు కట్టేసినట్టుంటుంది.

డాక్టరమ్మ అడిగింది, ఇంట్లో ఎవరికైనా ఉందా అని. ఎవరికీ లేదన్నాను. మండుటెండలో కూడా కఫ్ గుండీ విప్పని మా నాన్నకి జలుబు కూడా రాదన్నాను. ఆవిడ నవ్వి కార్డు మీద ‘లేదు’ అని రాసుకుంది.

మళ్ళీ తక్కువ నుంచి మొదలుపెట్టాలి. పరీక్షలయ్యేలోగా చేతులు బాగుపడే ఆశ లేదు. లైబ్రరీకే ఒప్పుకోవాలేమో.

నీ పిచ్చుక

*

నాన్నా,

మూడు వారాలైంది. నీ దగ్గర్నుంచి జవాబు లేదు. పోయిన ఉత్తరంలో ఏం తప్పు రాశానా అని తలలోనే మళ్ళీ మళ్ళీ చదువుకుంటున్నాను. ఒంట్లో బాగుందా? షాపులో పక్క మిషనాయన చేతనైనా ఒక ముక్క రాయించు. నా చేతుల సంగతి విని నీకు మొహం మొత్తిందా? అదే అయితే అలాగే రాయి, భరిస్తాను. ఈ సైలెన్స్ భరించలేను. నీకు వినపడకపోవడం ఎన్నడూ నాకు నిశ్శబ్దంలా అనిపించలేదు, ఇప్పుడనిపిస్తోంది.

వచ్చే సోమవారం హెడ్మిస్ట్రెస్‌కి చెప్పాలి.

నీ పిచ్చుక

*

నా పిచ్చుకా,

ఈ ఉత్తరం ఆరుసార్లు రాసి చింపాను. నా కంటే ధైర్యం నీకే ఎక్కువ, నేను అడగగానే రెండో ఉత్తరంలోనే అంతా చెప్పేశావు.

ఆ కార్డు మీద ‘లేదు’ అని రాయించింది నువ్వు కాదు, నేను. నాకు ఇరవై రెండో ఏట మోచేతుల మీద వచ్చింది. అప్పుడప్పుడే పనిలో కుదిరాను. ఈ చేతులు చూస్తే ఎవరు కొలతలు ఇస్తారని భయం వేసింది. ఆ రోజు నుంచి నాకు నేనే పొడుగు చేతుల చొక్కాలు కుట్టుకుంటున్నాను. అమ్మకి తెలుసు. అమ్మ పోయాక ఇంకెవరికీ తెలియనివ్వలేదు. మణికట్టు మీద రెండంగుళాలు ఎక్కువ వేసుకునే కొలత నాది. నువ్వడిగినప్పుడు పుస్తకంలో నీ పేజీ పక్కన నా పేజీ తీసి చూశాను. రెండు పేజీల్లోనూ అదే రెండంగుళాల పొడుగు.

నీకు మూడేళ్ళప్పుడు ఆటకి నా చొక్కా చెయ్యి పైకి లాగబోయావు. నీ చెయ్యి విదిలించి కొట్టాను. చాలాసేపు ఏడ్చావు. మళ్ళీ ఎప్పుడూ లాగలేదు. ఒంటి మీదిది దాచుకోవాలని నీకు నేర్పింది నేనే. జబ్బు నా నుంచి వచ్చిందో లేదో డాక్టర్లు చెప్పాలి, ఈ అలవాటు మాత్రం నా నుంచే వచ్చింది.

ఇంకొకటి చెప్పాలి. కెమెరా పాడైందని నువ్వు రాసిన రోజు నాకు బాధ కలగలేదు. హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. ఎందుకంటే ఈ ఏడాదే నాకూ మోచేతులు దాటి వేళ్ళ మీదికి దిగింది. వీడియోలో నీకు కనిపించకుండా ఎలా దాచాలా అని సతమతమవుతున్నాను, అంతలో నీ ఉత్తరం వచ్చింది. నా ఫోన్‌కి ఏమీ కాలేదు. కూతురు కనిపించకపోతే సంతోషించాను. అటు నువ్వేమో ఆ పెట్టెలో నాతో మాట్లాడుతూ చేతులు కాల్చుకుంటున్నావు. అది చదివి మిషను ఆపి కూర్చున్నాను. ఆ రోజు ఇక గుడ్డ ముట్టలేదు.

పోయిన వారం ఇక్కడి డాక్టరుకి చేతులు చూపించాను. నలభై ఏళ్ళు ఆలస్యంగా వచ్చావన్నాడు. నిన్న పొట్టి చేతుల చొక్కా వేసుకుని షాపులో కూర్చున్నాను. ఒకాయన గుడ్డ వెనక్కి తీసుకుని వెళ్ళిపోయాడు. తర్వాత వచ్చినావిడ చూసింది, ఏమైందని సైగ చేసింది, చెప్పాను, జాకెట్టు కొలత ఇచ్చి వెళ్ళింది.

మిగిలిన రెండు చొక్కాలు పంపుతున్నాను. చేతులు మోచేతి దగ్గర కత్తిరించేశాను. కోప్పడకు. కత్తిరించిన గుడ్డ అదే సంచిలో పెట్టాను. వద్దనుకుంటే కలిపి కుట్టించుకోవచ్చు, కానీ కుట్టు కనిపిస్తుంది.

ఆదివారం నాలుగింటికి ఫోన్ ముందు కూర్చుంటాను. నీకు భయమేస్తే ముందు నా చేతులు చూడు.

నీ నాన్న

*

ప్రియమైన నాన్నా,

ఆదివారం రెండు గంటలు మాట్లాడుకున్నాక మళ్ళీ ఉత్తరమెందుకంటావు. అలవాటైపోయింది. పైగా నిన్న మనం మాట్లాడుకున్న దానికంటే ఏడ్చిందే ఎక్కువ.

ఇవాళ పొట్టి చేతుల చొక్కాతో బడికి వెళ్ళాను. మెట్ల మీద రెండుసార్లు వెనక్కి తిరిగాను, అది కూడా రాయాలిగా. తరగతిలో రెండు జడల పిల్ల వచ్చి నా చెయ్యి పట్టుకుని తిప్పి తిప్పి చూసింది. ఇందుకేనా గొణిగారు అని అడిగింది. అవునన్నాను. నొప్పా అంది. దురద అన్నాను. సరేనని తన చోటికి వెళ్ళి భిన్నాల పుస్తకం తెరిచింది. హెడ్మిస్ట్రెస్‌కి లైబ్రరీ వద్దని చెప్పేశాను. చేతులు తగ్గకపోతేనో అంది. తగ్గకపోయినా తరగతిలోనే ఉంటానన్నాను. తగ్గుతాయో లేదో నిజంగానే తెలియదు నాన్నా. ఆ బెంగ ఎటూ పోలేదు.

సాయంత్రం ఆసుపత్రికి వెళ్ళాను. కార్డు తీసి ‘లేదు’ అన్నది కొట్టేయమన్నాను. మా నాన్నకి ఉంది, నలభై ఏళ్ళుగా ఉంది అన్నాను. డాక్టరమ్మ అది కొట్టేసి ‘ఉంది’ అని రాసుకుంది.

తర్వాత లైటు పెట్టెలోకి వెళ్ళాను. నర్సు పిడి ఇవ్వబోతే వద్దన్నాను, చూస్తూ ఉండమన్నాను. ఒక నిమిషం పది సెకన్లు. తలుపు తీసి, ఈసారి ఒక్క వేలు కూడా కదల్లేదే అని ఆశ్చర్యపోయింది. కదలడానికి ఏముంది, చెప్పాల్సినవన్నీ నిన్ననే నీకు చెప్పేశాను.

నీ పిచ్చుక