స్క్రూ మీద ఎర్ర గీత

శామీర్‌పేట

అమ్మీకి, నీ చిన్నబిడ్డ సలాం. ఇక్కడ అబ్బా, నేను, మేకలు అంత బాగనే ఉన్నం. జహీరాబాద్‌ల నువ్వు, అల్మాస్ ఆపా, ఆపాకు కొత్తగ పుట్టిన పిల్ల, మామూ ఇంటోళ్లు అంత సల్లగుండాలె.

ఫోన్ జేయక మళ్ల ఉత్తరమేంది అనుకుంటవేమో. నీ ఫోన్ ఎప్పుడు జూసినా ఆపా చేతుల్నే ఉంటది, స్పీకర్ పెడ్తది. గీ ముచ్చట నువ్వొక్కదానివే సదవాలె. కూడబలుక్కొని సదువుతవని అక్షరాలు పెద్దగ రాస్తున్న.

నువ్వడిగినవాటికి ముందుగాల జవాబు జెప్త. అబ్బాను మేడ్చల్ల డాక్టర్‌కు చూపిచ్చిన, మోకాలినొప్పి తగ్గింది. నల్లమేక ఈనింది. డ్రోన్ నడుపుడు బంద్ పెట్టినవా అన్నవ్. పెట్టలే. మహిళా సంఘపోళ్లు నన్ను నమ్మి అప్పజెప్పిన మిషన్ అది. ఇగ ఆఖరికి రాసినవు గద, "ఖైసర్ మొకం సూడను, పిల్లను సూపియ్యను, పెద్దమనుషులను కూసోబెట్టి నా బిడ్డను నాకాడనే ఉంచుకుంట" అని. దానికి జవాబు జెప్పాలంటే మొదటికెల్లి జెప్పాలె.

ఆపా కాన్పుకని మీరు జహీరాబాద్ పోయినంక దుర్గాబాయి ద్రాక్షతోటల మందు కొట్టనీకి పోయినం. నేను రిమోట్ పట్టుకున్న, నీ అల్లుడు ఖైసర్ దుల్హేభాయ్ మందు కలిపి డబ్బా నింపిండు. డ్రోన్ రెండు సాళ్లు మంచిగ తిరిగింది. మూడో సాలుకు సప్పుడు మారింది, గంతల్నే ఒక రెక్క ఊడింది. రెక్క ఊడింది అని నీకు రాసిన గాని, అది ఎటు పోయిందో రాయలే. దుర్గాబాయి అవతలి గట్టు మీద వంగి తీగలు కడ్తాంది. రెక్క ఆమె చెవి పక్కకెల్లి పోయి నీళ్ల డ్రమ్ముల దిగింది. ఆమె లేచి డ్రమ్మును సూసింది, నన్ను సూసింది, కూలబడ్డది. ఆమెకు దెబ్బ తగల్లే. కాని ఆ దినం నాకు బువ్వ పోలే.

డ్రోన్‌ను సుచిత్ర చౌరస్తాల అరుణ్ డ్రోన్ రిపేర్ దుకాణానికి తీస్కపోయిన. ఊడిన రెక్కకాడ కొత్త సామాన్ ఏసి, "రెక్క ఊకనే ఊడదు మేడం. ఎవ్వరో స్క్రూలు కదిలిచ్చి ఉంటరు" అన్నడు. ఆ మాట నా లోపట పడ్డది, ఇగ పోలే.

కదిలిచ్చేటోళ్లు ఎవరున్నరు? మిషన్ మన షెడ్డుల ఉంటది. చాబీ నాకాడ, దుల్హేభాయ్ కాడ తప్ప లేదు. లైసెన్స్ నాకొచ్చింది, ఆయనకు రాలే. ఊరోళ్లు నన్ను పైలట్ అంటరు, ఆయనను బ్యాటరీలు మోసేటోడు అంటరు. మనసుల పెట్టుకున్నడా అనుకున్న. అప్పటిసంది ఆయన ఏం జేసినా నాకు వంకరగనే కనపడ్డది. ఫోన్ వస్తే బయటికి పోయి మాట్లాడుతుండె. ఒకపారి ఫోన్ సార్జింగ్ పెట్టి పోతే సూసిన, అన్ని అరుణ్‌కు జేసినవే. అరుణ్ సుత డ్రోన్లు కిరాయికి తిప్పుతడు. మన మిషన్ మూలకు పడితే శామీర్‌పేట తోటలన్ని వానికే. ఇద్దరు కలిసిన్రని ఖాయం జేస్కున్న.

ఒక దినం పగటిపూట నేను సంఘం మీటింగుకని పోయి జల్దీ వచ్చిన. షెడ్డు తలుపు దగ్గరగేసి ఉన్నది. లోపట దుల్హేభాయ్ చేతుల స్క్రూలు తిప్పే కీ పట్టుకొని, ముంగటి రెక్క స్క్రూలు ఇప్పి కాగితం మీద పెట్టుకున్నడు.

"ఏం జేస్తున్నవ్?" అని అడిగిన.

"బిగిస్తున్న" అన్నడు.

"ఇప్పి బిగిస్తరా? అబద్ధం ఆడకు. దుర్గాబాయి సస్తుండె."

ఆయన తల వంచుకున్నడు. కాగితం మీది స్క్రూలు మళ్ల బిగిచ్చిండు. చాబీ అడిగిన, ఇచ్చిండు. ఇగ మా గడప తొక్కకు అన్న. పోయిండు. ఆ దినమే నీకు ఉత్తరం రాసిన. అది సదివే నువ్వు ఇప్పుడు గింత కోపంగున్నవ్.

ఆయన పోయినంక సుత నా అనుమానం సల్లారలే. ఇంకెవ్వరన్న వస్తున్నరేమో అనుకున్న. స్క్రూలన్ని గట్టిగ బిగిచ్చి, ఒక్కో స్క్రూ మీదికెల్లి రెక్క మీదికి గోళ్ల రంగుతోని ఎర్ర గీత గీసిన. స్క్రూ ఇసుమంత తిరిగినా గీత తెగుతది. షెడ్డుకు కొత్త తాళం ఏసి, తెల్లారి నేనొక్కదాన్నే ఖాళీ ప్లాట్ల మీద ఉత్త నీళ్లతోని తక్కువ ఎత్తుల తిప్పిన. దించి సూస్తే కొన్ని గీతలు తెగినయి. ఎవ్వరు ముట్టలే అమ్మీ. గాలిల్నే వదులైనయి.

ఏవి తెగినయో ఒక్కొక్కటి సూసిన. దుల్హేభాయ్ ఇప్పి బిగిచ్చిన ముంగటి రెక్కల గీతలు గట్లనే ఉన్నయి. ఆయన చెయ్యి పడని వెనకటి రెక్కలయి తెగినయి.

వెనకటి స్క్రూ ఒకటి ఇప్పిన. చేతి ఏళ్లకు జిడ్డు అంటింది. వాసన సూసిన, అది మన కుట్టుమిషన్ నూనె. ఆ స్క్రూలు అదురుకు వదులు కావొద్దని నీలం గమ్ము రాస్తరు. నూనె తగిలితే ఆ గమ్ము పట్టదు.

బస్సెక్కి తుర్కపల్లి పోయిన. దుల్హేభాయ్ ఇప్పుడు అక్కడ కంపెనీ క్యాబ్ నడుపుతాండు. నన్ను సూసి దిగిండు.

"నూనె సంగతి నీకు ఎరికేనా?" అన్న.

బండి తలుపు మూసి అన్నడు, "జహీరాబాద్ పోయే దినం పొద్దున నేను షెడ్డు తెరిస్తే అమ్మీ నూనెబుడ్డి పట్టుకొని వచ్చి కూసున్నది. సుమేరా మిషన్ కిర్రుమంటాంది, తుప్పు పట్టొద్దు అన్నది. అప్పుడు నాకు సుత తెల్వలే. రెక్క ఊడినంక మతికొచ్చి అరుణ్‌ను అడిగిన. నూనె తుడిసి, కొత్త గమ్ము ఎట్ల రాయాల్నో ఆయన ఫోన్ల జెప్పిండు. ముంగటియి చేసేసరికి నువ్వొచ్చినవ్."

"నాకు జెప్పకపోతివి?"

"చెప్తే నువ్వు అమ్మీని అడుగుతవ్. అల్మాస్‌కు నెలలు నిండినయి. దుర్గాబాయి సంగతి ఇంటే ఆ ఇంట్ల ఎవ్వరికి నిద్రుంటది? నన్ను నాలుగు దినాలు తిడితే ఏం పోతది అనుకున్న."

నేను ఆయన ముంగట ఏడ్సిన. ఊకో, జనం సూస్తాన్రు అన్నడు. అమ్మీకి ఎప్పటికీ జెప్పొద్దని మాట తీస్కున్నడు.

ఆ మాట ఇప్పుడు తప్పుతున్న. నువ్వు ఆపాను పంపనంటున్నవ్ గద, ఇంకేం జెయ్యాలె? నువ్వు గుండెల పెట్టుకోకు. నా మిషన్‌ను నీ కుట్టుమిషన్ లెక్కనే సూస్కున్నవ్, దాంట్ల నీ తప్పు లేదు. గమ్ము సంగతి నేనే ఎన్నడు జెప్పలే. దుర్గాబాయి మంచిగున్నది, మళ్ల మందు కొట్టమని పిలిచింది. స్క్రూలన్ని తుడిసి కొత్త గమ్ము రాసినం, నేను, దుల్హేభాయ్ కలిసి.

వచ్చే శుక్రారం ఆయన మీ కోసం బండి తీస్కొని వస్తడు. నీకు తెలిసిందని ఆయనకు తెల్వనియ్యకు. మాఫీ సుత అడుగకు, సిగ్గుపడ్తడు. ఆయన గడపల నిలబడి లోపటికి రావాల్నా వద్దా అని సూస్తుంటడు. ఆపా కంటె ముందు నువ్వే లేచి పో. పిల్లను నీ చేతులతోని ఆయన చేతుల పెట్టు.

ఇట్లు,
నీ కోపం, నీ నూనెబుడ్డి రెండూ వచ్చిన చిన్నబిడ్డ,
సుమేరా