ఐదో గడి గీతలు

అమ్మా, నేను కులాసా. కంగారు పడకుండా చివరిదాకా చదువు.

నాన్న పనిచేసే షెడ్డు గాలిలో ఊపిరితిత్తుల్ని పాడుచేసే ఆస్బెస్టాస్ రేకుల పోగులు లేవని పోయిన కార్డులో రాశాను కదా, ఆ మాట నమ్మకు. మా ల్యాబులో మైక్రోస్కోపు చూపు సరిగా ఉందో లేదో రోజూ ఒక గాజు పలకతో పరీక్షిస్తాం. దానిమీద ఏడు గళ్లు, గడి గడికీ గీతలు సన్నబడతాయి. ఐదో గడి గీతలు కనపడితేనే గాలిలోని సన్నటి పోగులు మైక్రోస్కోపుకి చిక్కుతాయి. మా ల్యాబు పెద్దాయన పలక జరుపుతారు, నేను చూసి చెబుతాను. నిన్న నాలుగో గడి అయ్యాక ఆయన చెప్పకుండా ఉత్త గాజు మీదికి జరిపారు. నేను అలవాటుగా "ఆఁ, ఐదోది కూడా కనపడుతోందండీ" అనేశాను.

"చూస్తున్నది నీ కళ్లు కాదమ్మా, నీ నోరు" అన్నారాయన.

ఆ తర్వాత నిజంగా ఐదో గడి పెట్టినా ఏమీ కనపడలేదు. మైక్రోస్కోపు లోపలి అద్దం ఎప్పుడో పక్కకు జరిగిందట. నెల రోజుల లెక్కలన్నీ మళ్లీ చూడాలి, షెడ్డుది మొదట తీస్తున్నాను.

నేను రాసేదాకా నాన్నని పనికి పంపకు, అలిగినా సరే. ఆయన చొక్కాలు దులపకు, తడిపి ఉతుకు. చెల్లిని వాటి దగ్గరికి రానివ్వకు. వంటింటి పంపు కారడం ఆగిందా? నా పాత కళ్లజోడు పంపించు.

నాన్నకి ఈ కార్డు నువ్వే చదివి వినిపించు. వింటూ ఆయన ఎన్నిసార్లు దగ్గారో లెక్కపెట్టి రాయి. అలవాటుగా రాయకు, విని రాయి.

నీ పెద్దది