బెల్టు ఆపిన కప్ప

భిలాయి క్యాంప్ 1లో సొంత ఇంట్లో కాపురముంటున్న, కీర్తిశేషులు తాతబ్బాయి గారి కుమారుడు శంకరరావు అను నేను, వయసు అరవై ఎనిమిది, ఎవరి ఒత్తిడీ లేకుండా, తెలివి స్థిరంగా ఉండగా నా చేతులతో రాసుకున్న వీలునామా ఇది. తెలివి స్థిరంగానే ఉంది. మనసే కుదురుగా లేదు. మూడుసార్లు రాసి చింపాను, ఇది నాలుగోది. దీని అమలు బాధ్యత నా కూతురు వాసవిది.

1. నేనుంటున్న రెండు గదుల ఇల్లు, పెరటితో సహా, నా తదనంతరం నా భార్య రజనీకుమారికి సర్వహక్కులతో చెందాలి. ఆమె తర్వాత వాసవికీ, నా కొడుకు మనోజ్‌కుమార్‌కూ సమానంగా చెందాలి. మనోజ్ తెలుగు కూడబలుక్కుని చదువుతాడు కాబట్టి వాసవి ఈ కాగితం వాడికి చదివి వినిపించాలి. హిందీలోకి మార్చి చెప్పొద్దు, మెత్తబడిపోతుంది.

2. సైకిలు మనోజ్‌కు. బ్రేకులు పట్టవు. పాత ఇనుముకి వేసేస్తే మాత్రం ఒప్పుకోను.

3. ఇనప్పెట్టెలో గుడ్డ చుట్టి ఉన్న రాయి గురించి. కొబ్బరికాయంత ఉంటుంది. ఒక పక్క వెడల్పాటి దవడ, అంచున పళ్ళలాంటి గాట్లు, పైన గరుకు బొడిపెలు. మా ఆవిడ పదేళ్ళు దాన్ని ఆవకాయ జాడీ మూత మీద బరువుగా వాడింది. తప్పు ఆమెది కాదు, అదేమిటో నేను చెబితే కదా.

2008లో హిందీ పేపర్లో ఒక బొమ్మ చూశాను. రాక్షసిబల్లుల కాలంలో మడగాస్కర్‌లో చేటంత కప్ప ఉండేదట, దాని ఎముకలు రాళ్ళలో దొరికాయట. ఆ వెడల్పాటి నోరు చూడగానే జాడీ మీది రాయి తెచ్చి బొమ్మ పక్కన పెట్టి చూసుకున్నాను. అప్పటినుంచి నాకు నిద్ర సరిగా లేదు. దుర్గ్‌లో ఒక కాలేజీ మాస్టారికి ఫోటో చూపిస్తే, మన చుట్టుపక్కల సున్నపురాయి కప్పలు పుట్టకముందుదని, ఏ సంగతీ రాయి చూస్తేగాని చెప్పలేనని అన్నారు. ఎక్కడ, ఎలా దొరికిందని కూడా అడిగారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునేవాణ్ణి, ఆ ప్రశ్నకి లేచి వచ్చేశాను.

ఎలా దొరికిందో ఇప్పుడు రాస్తున్నాను. 1998 వానాకాలం. ఊరి బయట ఒక కాంట్రాక్టరు సున్నపురాయి క్రషర్లో బెల్టు దగ్గర పని నాది. రాళ్ళు బెల్టు మీద పోతుంటే మట్టిగడ్డలూ పనికిరానివీ ఏరేయడం. బెల్టు పక్కన ఒక తాడుంటుంది, లాగితే బెల్టు ఆగిపోతుంది. మనిషి చెయ్యో కాలో ఇరుక్కుంటేనే లాగాలి, మరి దేనికీ లాగకూడదు. పళ్ళున్న నోరులా కనబడిన ఈ రాయి కోసం నేను లాగాను. రాయి తీసి అన్నం సంచిలో దాచాను. క్రషర్ నిండా రాళ్ళు ఇరుక్కుని సగం రోజు పని ఆగిపోయింది. సూపర్‌వైజర్ పరుగెత్తుకొచ్చి "రస్సీ కిస్నే ఖీంచీ?" అని, తాడెవడు లాగాడని అరిచాడు. తాడుకి దగ్గరగా ఉన్నవాడు చిన్నారావు. మా ఊరివాడు, నాకన్నా పదేళ్ళు చిన్న, పలాసలో రైలెక్కించి తెచ్చి ఆ పనిలో పెట్టించింది నేనే. వాడు నా వైపు చూశాడు. నేను బెల్టు వైపు చూశాను. సాయంత్రానికి వాణ్ణి పనిలోంచి తీసేశారు. అప్పుడు వాడి భార్య గున్నమ్మకి ఏడో నెల.

తర్వాత వాడు చరోదా రైల్వే యార్డులో బస్తాలు మోసి నడుం పోగొట్టుకున్నాడు. వాసవి పెళ్ళికి రాలేదని నేను వాణ్ణే తిట్టుకున్నాను. ఎదురుపడితే పక్క వీధిలోకి తిరిగేవాడు. పొగరనుకున్నాను, అనుకోవడం నాకు సులువు కాబట్టి.

4. ~~పై రాయి, ఈ కాగితం నకలుతో సహా, నా మరణానంతరం చిన్నారావుకి చెందాలి.~~

నాలుగో షరతు నేనే కొట్టేశాను. పొద్దున్న రాసి రజనికి చదివి వినిపించాను. "సచ్చాక సెప్తే ఆడేటి సేసుకుంటాడు? బూడిద్ని తిడతాడా?" అంది. పెళ్ళయి నలభై ఏళ్ళయింది, ఆమె మాటకి నేను ఇంత త్వరగా ఒప్పుకోవడం ఇదే మొదలు.

5. కాబట్టి రాయి ఈ వీలునామా ఆస్తి కాదు. ఇప్పుడే చేతిలో పట్టుకుని చరోదా వెళ్తున్నాను. తలుపు తియ్యకపోతే గుమ్మం దగ్గర కూర్చుంటాను. ఈ కాగితం వాడి ఎదుటే సంతకం చేస్తాను. వాసవి మామగారు మురళీధర్ గారు నాతో వస్తున్నారు. రెండో సాక్షి చోటు ఖాళీగా ఉంచాను. చిన్నారావు సంతకం పెట్టకపోతే వేరేవాళ్ళను వెతకండి, వాణ్ణి మాత్రం ఏమీ అనకండి. నాకు భయంగా ఉంది. ఆ మాట కూడా రాసి ఉండనివ్వండి.

తేదీ: 19 ఆగస్టు 2025. చరోదా.

(సంతకం) శంకరరావు

సాక్షులు:

1. (సంతకం) మురళీధర్

2. (సంతకం) చిన్నారావు. కప్పో కాదో నాకు తెల్దు. తాడు నువ్వు లాగినావని ఆ దినమే ఎరుగుదును. నువ్వే వచ్చి సెప్తావని సూస్తన్నాను, అన్నా.