ఆడ సాళ్లు దాటిన సాయంత్రం

2006, శ్రావణ మంగళవారం

ఈ రోజు నా చేతులు నేను లేకుండానే పనిచేశాయి.

విత్తనాల కోసం వేసే సీడ్ పత్తిలో సాయంత్రం ఆడ చెట్ల మొగ్గలు ఒలిచి పుప్పొడి తీసేస్తాం. తెల్లారి మగ పూలు తెచ్చి వాటికి అద్దుతాం. మగ చెట్లను ఒలిస్తే అద్దడానికేమీ మిగలదు. నేను ఆడ సాళ్లు అయిపోయినా ఆగకుండా ఒక మగ సాలంతా ఒలిచేశాను. ఒక్క మొగ్గా వదల్లేదు. అంతసేపూ ఏం ఆలోచించానో ఇప్పటికీ గుర్తురావడం లేదు.

చిన్నప్పటి నుంచీ నాకు పరధ్యానం. నా పక్క సాల్లోనే ఒలిచే అత్త అలా కాదు, పని చేసినంతసేపూ మాట్లాడుతూనే ఉంటుంది. "నువ్వు మాట్లాడవు, గందుకే నీ మనసు యాడికో పోతది" అని రోజూ అంటుంది.

తిట్లకు సిద్ధపడి చెప్పాను. "అత్తా, నేను మగ సాలు ఒలిచిన."

అత్త మాట మధ్యలో ఆగిపోయింది. వెనక్కి తిరిగి, తాను ఒలుస్తూ వచ్చిన సాలు చూసింది. అదీ మగదే.

"రేపు పొద్దుగాల ఏం అద్దుదం?" అంది మెల్లగా.

 రాత్రి ఇంట్లో అన్నం ముందు కూర్చున్నాక నా వైపు చూడకుండా అడిగింది. "నీకు రోజూ గిట్లనే అయితదా?"