చొక్కాకి గుచ్చిన నంబరు

అమ్మకి,

నువ్వూ నాన్నా తమ్ముడూ బాగున్నారని తలుస్తాను. ఇక్కడ అందరం క్షేమమేనని మా హాస్టల్ నోటీసు బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది కాబట్టి నేను మళ్ళీ రాయనక్కర్లేదు.

నీ ఉత్తరం గేటు దగ్గర వైరస్ పోవడానికి మందు చల్లించుకుని, ఎండలో ఆరి, ఆ తర్వాత నాకు చేరింది. చివరి పేజీ అలుక్కుపోయింది గానీ చదవగలిగాను. ఫోన్ ఉండగా ఉత్తరాలేమిటని ఇక్కడ నవ్వుతున్నారు. ఫోన్లో నువ్వు విలేకరివి. నేను ఒక జవాబు ముగించేలోపు ఇంకో ప్రశ్న వేస్తావు, అది సగంలో ఉండగా మీ ఎడిటర్ పిలుస్తాడు. కాగితం మీదైతే నువ్వు అడ్డు రాలేవు. అడిగిన వాటన్నిటికీ చెప్తాను. ఒక్కటి మాత్రం చివరికి ఉంచుతాను.

తిండి బాగానే ఉంది. డబ్బా గుమ్మం ముందు పెట్టి, తలుపు తట్టి పరుగెత్తుతారు. చల్లారిపోయి ఉంటుంది, అంతే. పాఠాలు ఫోన్లోనే. లెక్చరర్ నోరు తెరిచినప్పుడు నెట్ ఆగిపోతుంది. అందరం ఆయన నోట్లోకి చూస్తూ కూర్చుంటాం.

మైదానంలో కాసేపు తిరగొచ్చు కదా అన్నావు. మైదానానికి తాళం వేశారు. మెట్ల మీద గుమిగూడకూడదు, వరండాలో నిలబడకూడదు అని ఒక నోటీసు. దాని పక్కనే 'చురుకుగా ఉండండి, దిగులు దరిచేరదు' అని ఇంకో నోటీసు. రెండింటి కిందా సంతకం ఒక్కరిదే.

ఆ చురుకు కోసం ఒక పద్ధతి పెట్టారు. రోజూ సాయంత్రం ఎవరి గదిలో వాళ్ళు వ్యాయామం చేసి, వీడియో తీసి, ఈల మాస్టారికి పంపాలి. ఆయన మా వ్యాయామ శిక్షకుడు. మైదానం మూసేశాక కూడా మెడలో ఈల తీయలేదు. గదికి ఇద్దరం గనక గదిలో కూడా మాస్కు తప్పనిసరి. మాస్కు వెనక ఎవరెవరో ఆయనకెలా తెలుస్తుంది? అందుకని అందరం యూనివర్సిటీ ఇచ్చిన నీలం చొక్కా వేసుకుని, ఛాతీ మీద ఎవరి రోల్ నంబరు కాగితం వాళ్ళం గుచ్చుకోవాలి. మాస్టారు నంబరు చూసి హాజరు వేసుకుంటారు. వీడియో రాకపోతే వార్డెన్ మేడమ్ ఫోన్ చేస్తుంది. దిగులుగా ఉందా అని అడగడానికి కాదు, వీడియో ఏదని అడగడానికి.

పోయిన నెల నా నంబరుతో వెళ్ళిన వీడియోని అందరికీ ఆదర్శమని యూనివర్సిటీ వాళ్ళు తమ పేజీలో పెట్టారు. అది నీకు తెలుసు. చుట్టాలందరికీ పంపావు. పెద్దత్త ఫోన్ చేసి, "మా దాన్ని కూడా కాస్త మంచం దింపవే తల్లీ" అని బతిమాలింది. ఇప్పుడు నువ్వు దాన్ని మీ పేపర్లో విద్యార్థుల పేజీలో వేయొచ్చా అని అడుగుతున్నావు. వెయ్యొద్దు. ఎందుకో చెప్తాను.

కిందటి వారం వార్డెన్ మేడమ్ దగ్గరికి వెళ్ళి, డాక్టర్ దగ్గరికి వెళ్ళడానికి గేటు పాసు కావాలన్నాను. కంగారు పడకు, జ్వరం కాదు. ఆవిడా అదే అడిగింది.

"జ్వరమా?"

"కాదు మేడమ్. మనసు బాగుండట్లేదు. లేవాలనిపించట్లేదు."

"నీకా? నీ వీడియో చూపించి మూడో అంతస్తు మొత్తాన్ని లేపుతున్నానమ్మా నేను. నువ్వే లేవలేకపోతే వాళ్ళకేం చెప్పను?"

"నాకు నిజంగానే..."

"చదువు ఎక్కువైనట్టుంది. ఇంకో పది గుంజీళ్ళు తియ్యి, అదే పోతుంది."

పాసు ఇవ్వలేదు. కావాలంటే యూనివర్సిటీ కౌన్సెలర్‌తో మాట్లాడమని నంబరిచ్చింది. ఆయన కాగితం చూసి ప్రశ్నలు చదివాడు. నిద్ర పడుతోందా, ఆకలేస్తోందా, వ్యాయామం చేస్తున్నారా. మూడోది నేను చెప్పకముందే ఆయనే, "ఆఁ, చేస్తున్నారుగా, ఇక్కడ రోజూ హాజరుంది. మరి మీకు ఇలా ఉండకూడదే" అన్నాడు. నాకు ఇలా ఉండటం ఆయనకి నచ్చనట్టు మాట్లాడాడు.

అమ్మా, ఆ వీడియోలో ఉన్నది నేను కాదు. ఒక్క వీడియోలోనూ నేను లేను.

నేను మంచం మీద ఉన్నాను. ఫోన్ దిండు కింద పెట్టి పాఠాలు వింటున్నట్టు హాజరు వేయించుకుంటాను. తల దువ్వుకోవడం మానేశాను. స్నానం రేపు చేద్దామనుకుంటాను, ఆ రేపు కూడా అలాగే పోతుంది. ఏడుపు రావట్లేదు. వస్తే ఏడుస్తున్నానని చెప్పుకోవడానికైనా ఉండేది. పరీక్షలు వాయిదా పడ్డప్పుడు మొదలైంది. కారణం అదేనని మాత్రం ఖాయంగా చెప్పలేను.

వీడియోలు మా గది అమ్మాయివి. ఇదివరకు రాశానుగా, పరుగు పందేల అమ్మాయి, పిడుగు అంటారందరూ. మొదటిసారి వీడియో పంపలేదని మేడమ్ ఫోన్లో నన్ను కేకలేస్తుంటే విని, నా నంబరు కాగితం తన చొక్కాకి గుచ్చుకుంది. అప్పట్నుంచి రోజూ తన వంతు ఒకసారి, నా వంతు ఒకసారి. రెండోసారి కాబట్టి ఒళ్ళు వేడెక్కి ఇంకా బాగా చేస్తుందట. అందుకే నా వీడియో ఆదర్శమైంది, దానిది కాలేదు. ఆ రోజు అది నా మీద పడి కొట్టింది.

"ఏమే, చెమట నాది, పేరు నీదా? ఇలా అయితే డిగ్రీ కూడా నీ పేరుతో నేనే తెచ్చేస్తాను, పడుకో."

దానికి వ్యాయామమంటే ప్రాణం. నాకు ఎవరైనా మంచిదని చెప్పి చేయిస్తే ఒళ్ళు మండుతుంది. కానీ ఒకటి దాచకూడదు. మధ్యలో నీళ్ళ మోటారు కాలిపోయింది. కింద ట్యాంకరు నుంచి మూడో అంతస్తుకి బకెట్లు మోసుకోవాల్సి వచ్చింది. నేనూ లేచాను. మెట్లు ఎక్కాను, దిగాను, ఎడం చేత్తోనే మోశాను. ఎవరూ వీడియో తీయలేదు, ఎవరూ దిగులు పోతుందని చెప్పలేదు. ఆ నాలుగు రోజులూ నిద్ర పట్టింది. తర్వాత మోటారు బాగుచేశారు. నేను మళ్ళీ మంచమెక్కాను.

నువ్వు రావాలి. తల్లిగానీ తండ్రిగానీ వచ్చి అడిగితే పాసు ఇస్తారట. దారులన్నీ మూసేసినా పేపరు వాళ్ళని ఆపట్లేదు, నీ దగ్గర కార్డుంది. వచ్చి మేడమ్‌కి నిజం చెప్పాలి. చెప్తే పిడుగుని యూనివర్సిటీ పరుగు జట్టులోంచి తీసేస్తారని ఇన్నాళ్ళూ ఆగాను. నిన్న దానితోనే అన్నాను.

"తీసేస్తే తియ్యనీ. మైదానానికే తాళం ఉంటే జట్టెక్కడిది?" అంది. మళ్ళీ తనే, "చూడు, గుంజీళ్ళు నీ బదులు తీశాను. డాక్టర్ దగ్గరికి నీ బదులు వెళ్ళలేను. ఉత్తరం రాస్తావా, నేను రాయనా?" అంది.

నా పేరుతో అది చేసినవి చాలు. ఉత్తరమైనా నేనే రాద్దామని కూర్చున్నాను. మూడుసార్లు పడుకుని లేచి రాశాను. అక్షరాలు వంకరపోతే ఎర్ర గీతలు పెట్టి తిప్పి పంపకు.

రాసినది వార్త కోసం కాదు. పేరు తీసేసి, 'ఒక విద్యార్థిని' అని కూడా వేయకు. ముందు నువ్వు వచ్చి నన్ను చూడు.

ఇక ఉంచిన ప్రశ్న. నీ ఉత్తరంలో ఆఖరి పంక్తి, సగం చెరిగిపోయిన చోట: 'వీడియోలో కుడి అరచెయ్యి నేలకి ఆనించి బరువంతా దాని మీదే వేశావు, మణికట్టు నొప్పి పుట్టలేదా?' సైకిలు మీంచి పడ్డప్పటి నుంచి ఆ చెయ్యి బరువు ఆపదని మాస్టారికి తెలీదు, మేడమ్‌కి తెలీదు, వీడియో చూసి మెచ్చుకున్న చుట్టాలెవరికీ గుర్తులేదు. ఆ ఒక్క పంక్తి చదివాకే ఇదంతా నీకు రాయొచ్చనిపించింది.

చెయ్యి ఎప్పటిలాగే ఉందమ్మా. అది ఇంకా నేల మీద ఆనదు.

ఇట్లు,
నీ రాక కోసం తల దువ్వుకుని ఉంటానని మాటివ్వలేని
నీ పెద్దకూతురు