ఇరవై ఒకటో రోజు

శ్రీవారికి,

మీ ఇంటావిడ నమస్కారాలతో రాస్తున్నది. ఇక్కడ నేను కులాసా, అమ్మాయి కులాసా. దానికి పట్టిన జలుబు కూడా కులాసాగానే ఉంది, వారమైనా కదలటం లేదు.

మీ ఉత్తరాన్ని మీ తోటి డ్రిల్లరు, ఆ పొట్టాయన, సెలవుకి వస్తూ తెచ్చిచ్చాడు. ముందు మీరు అడిగినవాటికి జవాబులు. వంటింటి కిటికీ బాగు చేయించాను. అమ్మాయి లెక్కల్లో పాసయింది, అత్తెసరు మార్కులే అనుకోండి. నా పని ఎప్పటిలాగే. పళ్ల డాక్టర్లు పంపిన అచ్చులు చూసి రోజుకి రెండు సెట్లు కట్టుడు పళ్లు చేస్తున్నాను. ఊళ్లో సగం మంది నవ్వులు నా చేతుల మీదుగానే పోతున్నాయని మా ఓనరు అందరి దగ్గరా గొప్పలు చెబుతాడు. జీతం పెంచమంటే మాత్రం నోరు మూసుకుంటాడు.

షేర్ మార్కెట్ పడిందట, మన మ్యూచువల్ ఫండ్ ఏమైందని కంగారుపడ్డారు. పదో వంతు తగ్గింది. నేను ముట్టుకోలేదు. తొమ్మిదేళ్ల క్రితం, మీరు కొండల్లో సొరంగాలు తొలిచే పనికి బయల్దేరేముందు, మొదటి నెల డబ్బు కట్టి వస్తూ మీరే అన్నారు: "తోడుపెట్టిన పాలు తోడుకున్నాయా లేదా అని గిన్నె కదుపుతూ కూర్చుంటే పెరుగవుతుందటే?" ఆ మాట పట్టుకునే ఇంతకు ముందు రెండు పెద్ద పతనాలు దాటాను. ఎదురింటి టీచరమ్మ అప్పుడు హడలిపోయి అన్నీ అమ్మేసుకుంది. ఇప్పటికీ నన్ను చూస్తే నిట్టూరుస్తుంది.

ఉత్తరం చివర్లో "ఇంకెంత కాలం?" అని ఒక్క ముక్క రాశారు. దానికి జవాబు రాయబోయి నాలుగు కాగితాలు చింపాను.

ఆ రోజు పొట్టాయన టీ తాగుతూ అన్నాడు: "వదినా, అన్నకి దగ్గు ఎక్కువైంది. ఆ దుమ్ములో మాస్కు మాత్రం ఎంతని ఆపుతుంది? ఇక ఇంటికి పోరాదా అంటే ఏమంటాడో తెలుసా? 'మా ఆవిడ లెక్క చూస్తోంది. ఆవిడ చాలు అన్న రోజే హెల్మెట్ తీసేస్తా. ఆవిడ లెక్క తప్పదు' అంటాడు."

ఇంకాస్త టీ తెస్తానని చెప్పి లోపలికి వెళ్లిపోయాను. చాలాసేపు బయటికి రాలేకపోయాను.

లెక్క తప్పలేదండీ. నేనే తప్పాను. మన ఏడాది ఖర్చుకి ఇరవై అయిదు రెట్లు ఫండ్‌లో చేరితే మీరు వచ్చెయ్యాలని కదా మొదట అనుకున్నాం. అది రెండేళ్ల క్రితమే చేరింది. ధరలు పెరుగుతున్నాయి, ఇరవై ఎనిమిది చేద్దామని రాశాను. అదీ దాటింది. ముప్పై అన్నాను. ఎందుకని మీరు ఒక్కసారైనా అడగలేదు. ఈ పతనం తర్వాత కూడా ఇరవై ఏడున్నర రెట్లు ఉంది.

లెక్క పెంచుకుంటూ పోయింది డబ్బు భయంతో కాదు. మీరు ఏడాదికి ఇరవై రోజులు వస్తారు. ఆ ఇరవై రోజులూ నేను చీర నలగకుండా, మాట విసరకుండా ఉంటాను. మిగతా రోజుల్లో తోచినప్పుడు తింటాను, చిరాకొస్తే గోడల మీద కూడా అరుస్తాను. మీకు తెలిసింది ఆ ఇరవై రోజుల మనిషే. ఇరవై ఒకటో రోజున బయటపడే మనిషి మీకు నచ్చుతుందో లేదో అని భయపడ్డాను. నా భయానికి మీరు రెండేళ్ల దుమ్ము పీల్చారు.

నిన్న అమ్మాయికి చెప్పేశాను.

"నాన్నకి కోపం వస్తుందంటావా?" అన్నాను.

"రానీ. ఇంట్లో ఉండేగా కోప్పడతాడు" అంది.

కోప్పడండి. మాట్లాడకండి. నేను భరిస్తాను. చాలండీ, వచ్చెయ్యండి.

నెలనెలా ఫండ్ నుంచి ఇంటిఖర్చుకి డబ్బు వచ్చేలా కాగితాలు తెచ్చి నింపాను. నా సంతకం అయింది. మీరు ఎక్కడ పెట్టాలో పెన్సిల్‌తో గుర్తులు పెట్టి ఈ కవరులోనే పంపుదామనుకున్నాను.

పంపటం లేదు. మీరే వచ్చి పెట్టండి.

ఇట్లు,
రెండేళ్లు ఆలస్యంగా పిలుస్తున్న
మీ ఆవిడ