నైరుతి తలుపు

అల్లుడు రవీందర్‌కు,

నిప్పు వాస్తు చూసి అంటుకుంటుందా? హఫీజ్‌పేట్‌లో నువ్వు నడిపే వృద్ధాశ్రమంలో లేచి నడవలేని ఆరుగురున్నారు. నైరుతి తలుపు అరిష్టమని దానికి అడ్డంగా గోడ కట్టించావు. రెండో దారి లేదని అగ్నిమాపక అధికారి లైసెన్సు ఆపితే, "మామా, ఆయన నీ ప్రవచనాలకు వస్తడు గదా, జర చెప్పు" అని నాకే ఫోన్ చేస్తావా! శరణన్నవాణ్ణి కాపాడమంది శాస్త్రం, బంధించి హారతివ్వమనలేదు. మంచంలోని చంద్రమ్మ నిన్న నన్నడిగింది: "అయ్యా, మంటలొస్తే మమ్ముల ఎటుకెళ్లి తీస్తరు?" నీ వాస్తు పండితుడొచ్చి భుజాన మోస్తాడా? తలుపు తెరిచేదాకా సంతకం పెట్టొద్దనే అధికారికి చెప్పాను. ఈ ఉత్తరం తెచ్చిన పెంటయ్య తాపీమేస్త్రీ. సమ్మెట కూడా తెచ్చాడు. చదివింది చాలు, లేచి ఆ గోడ ఈరోజే పగలగొట్టించు.

మీ మామ